రెండు ధమనికల నడుమ

2024 ఏప్రిల్ 6, కర్నూలు

కోడుమూరు దిక్కు నుంచి ఒక గొర్లాయన తన కుక్కను ఆటోలో తెచ్చినాడు. నాటు కుక్క, ఎర్రమట్టి రంగు, తొమ్మిదేళ్ళుంటాయట. తూకం 22 కిలోలు. లోపలికి వస్తూనే ఫ్యాను కింద నాపరాళ్ళ నేల చల్లగా ఉన్న చోటు వెతుక్కొని కడుపు ఆనించి పడుకుంది.

"సా, నీళ్ళు తాగేది తాగుతానే ఉంటాది, ఉచ్చ పోసేది పోస్తానే ఉంటాది. రేత్రి మంద కాడ నక్క కూసినా తల ఎత్తల్యా" అన్నాడాయన.

పోయిన ఏడు పిడుదుల జ్వరం వచ్చిందట. రెండు సూదులు వేయించి, తగ్గిందనుకొని ఊరుకున్నారు. ఇప్పుడు చెవుల మడతల్లో మళ్ళీ పిడుదులు. ఆ జ్వరం తెచ్చే ఎర్లికియా పరీక్ష పాజిటివ్. మూత్రంలో ముంచిన స్ట్రిప్పు మీద ప్రోటీన్ గడి ముదురు ఆకుపచ్చకు తిరిగింది. క్రియాటినిన్ 1.5, ఆల్బుమిన్ 2.1. మూత్రంలో ప్రోటీన్‌కూ క్రియాటినిన్‌కూ నిష్పత్తి 3.1. కుక్కకు 0.5 దాటితేనే ఎక్కువ కింద లెక్క.

బీపీ తీసేముందు కాసేపు దాన్ని దాని మానాన వదిలేశాను. కొత్త చోట బెదిరిన కుక్కకు పట్టీ చుట్టి చూస్తే వచ్చేది బెదురు లెక్కే. గొర్లాయన నేల మీదే కూర్చొని దాని తల తొడ మీద పెట్టుకున్నాడు. ముందుకాలి చుట్టుకొలతలో నలభై శాతం వెడల్పుండే పట్టీ ఎంచి చుట్టాను. పాదం అడుగున వెంట్రుకలు గొరిగి, జెల్ పూసి, డాప్లర్ మొన ఆనించి కొద్దికొద్దిగా జరుపుతుంటే ఒక చోట గరగర పోయి 'హుష్... హుష్' అని నెత్తురు పారే చప్పుడు దొరికింది. గాలి నింపితే చప్పుడు మాయం. మెల్లగా వదిలితే మళ్ళీ మొదలైన చోట ముల్లు ఎంత చూపిస్తే అదే పై బీపీ. మొదటి అంకెను వదిలేసి, తర్వాతి వాటి సగటు కట్టాను: 168. అంతర్జాతీయ కిడ్నీ బృందం ఐరిస్ పెట్టిన మెట్ల ప్రకారం 160 నుంచి 179 దాకా హైపర్‌టెన్షన్.

అయితే ఆ 168 ముందుకాలి ధమనిది. ప్రోటీన్ కారుతున్నది ముందుకాలిలో కాదు. కిడ్నీ లోపల, వెంట్రుక కన్నా సన్నటి కేశనాళికల ముద్దలో. అక్కడ ఎంత ఒత్తిడి ఉందో చెప్పే పరికరం నా దగ్గర లేదు. ఏ ఆస్పత్రిలోనూ లేదు, మనుషుల ఆస్పత్రుల్లో కూడా.

ఏప్రిల్ 7

పొద్దున మళ్ళీ పాఠ్యపుస్తకాలు తీశాను. చదువుకునే రోజుల్లో ఈ అధ్యాయాన్ని పరీక్ష కోసం కంఠస్థం చేసి దాటేశాం. ఇప్పుడు ఆ కుక్కను మనసులో పెట్టుకొని చదువుతుంటే ప్రతి వాక్యం దగ్గరా ఆగాలనిపిస్తోంది.

ఒళ్ళంతటా కేశనాళికలకు ముందు ధమనిక, వెనక సిర ఉంటాయి. కిడ్నీలోని ఆ కేశనాళికల ముద్దకు, అంటే గ్లోమెరులస్‌కు మాత్రం ముందూ ధమనికే, వెనకా ధమనికే. నెత్తురు తెచ్చేది అభివాహి, తీసుకుపోయేది అపవాహి. రెండింటికీ కండర పొర ఉంది, రెండూ బిగుసుకోగలవు, వదులు కాగలవు. కేసీ కాలువ కింద పొలం ఉన్న రైతుకు ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది: పైతూము, దిగువతూము, నడుమ కాలువ. పైతూము తెరిచి దిగువతూము బిగిస్తే నడుమ నీటిమట్టం పెరిగి గట్లు చెమరుస్తాయి. పైతూము బిగిస్తే ఎగువన సుంకేసుల ఆనకట్ట దగ్గర ఎంత నీరున్నా ఇక్కడ మట్టం పడిపోతుంది. అందుకే సుంకేసుల మట్టం చూసి ఈ పొలం దగ్గరి మట్టం చెప్పలేం.

శరీరధర్మశాస్త్రం పాఠ్యపుస్తకంలో గైటన్ ఇచ్చే అంకెలు మెడికల్ కాలేజీ పిల్లలకూ మాకూ ఒకటే: గ్లోమెరులస్‌లో 60 మిల్లీమీటర్లు, దానికి ఎదురుగా బౌమన్ గుళికలో 18, నెత్తుటి ప్రోటీన్లు నీటిని పట్టి ఉంచే ద్రవాభిసరణ పీడనం సగటున 32. మిగిలేది 10. ఆ పదే వడపోతనంతా నడుపుతుంది. 22 కిలోల కుక్కలో రోజుకు దాదాపు వంద లీటర్లు అట్లా వడగట్టి, ఒక లీటరు లోపు తప్ప అంతా వెనక్కి తీసుకుంటాయి ఆ రెండు కిడ్నీలు. ఒక్కో దాంట్లో సుమారు నాలుగు లక్షల నెఫ్రాన్లు, అంటే గ్లోమెరులస్, దాని నాళిక కలిసిన వడపోత గొట్టాలు.

ఇంత పెద్ద పని ఇంత చిన్న తేడా మీద నిలబడి ఉంది. 60 కాస్తా 66 అయితే? పుస్తకం చదివే పిల్లవాడికి అది ఆరే. ఆ గోడకు మాత్రం దినమూ రాత్రీ మోయాల్సిన భారం.

ఏప్రిల్ 13

ఇంతకూ ఆ 60 ఎక్కడి నుంచి వచ్చింది? వారమంతా నన్ను పట్టుకున్న ప్రశ్న ఇదే. సమాధానం నేరుగా కుక్కల దగ్గరికే తీసుకుపోయింది. మనుషుల కిడ్నీ గురించి పుస్తకాల్లో రాసిన ఆ అంకె చాలావరకు కుక్క నుంచి లెక్క కట్టి తెచ్చిందే.

1842లో విలియం బౌమన్ లండన్‌లో ఆ కేశనాళికల ముద్ద ఒక గుళికలో కూర్చొని ఉంటుందనీ, ఆ గుళికే నాళికగా సాగుతుందనీ చూపించాడు. అదే సంవత్సరం జర్మనీలోని మార్బర్గ్‌లో కార్ల్ లుడ్విగ్, మూత్రం పుట్టేది అక్కడి పీడనం వల్ల జరిగే వడపోతతోనే అని వాదించాడు. అప్పటికి చాలామందికి కిడ్నీ అంటే ఏదో ప్రాణశక్తితో రసం ఊర్చే గ్రంథి. పీడనం, గోడ, వడపోత అని భౌతికశాస్త్రం భాషలో మాట్లాడడానికి ధైర్యం కావాలి. కానీ ఆయన దగ్గరా ఆ పీడనం అంకె లేదు.

అర్ధ శతాబ్దం తర్వాత ఎర్నెస్ట్ స్టార్లింగ్ వచ్చాడు. 1899లో గ్లోమెరులస్ పని గురించి ఆయన రాసిన వ్యాసంలోని ఆలోచనను ఇవాళ కాగితం మీద నా చేత్తో మళ్ళీ గీసుకున్నాను. కుక్క మూత్రనాళానికి గొట్టం కట్టి, మూత్రం బయటికి రాకుండా ఎదురు ఒత్తిడి పెంచుతూ పోతే ఒక దగ్గర మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. ఆగిన క్షణాన ధమనిలోని పీడనాన్నీ మూత్రనాళంలోని పీడనాన్నీ పక్కపక్కన పెడితే రెండూ సమానం కావు. ధమనిది ముప్పై, నలభై మిల్లీమీటర్లు పైనే ఉంటుంది. అంత బలం మిగిలి ఉండగా వడపోత ఎందుకు ఆగింది? నెత్తుటి ప్రోటీన్లు నీటిని లోపలికి లాగి పట్టుకుంటున్నాయి కాబట్టి. ఆ ప్రోటీన్ల లాగుడును ఆయన అంతకు ముందే విడిగా కొలిచి పెట్టుకున్నాడు. అది ముప్పై దగ్గరే తేలింది.

కంటికి కనపడని చోట ఏముందో తెలుసుకోవడానికి అక్కడికి పోనక్కర్లేదు, పారేదాన్ని ఆపితే చాలు. ఆగిన చోట అటూ ఇటూ బలాలు సరితూగినట్టే. తెలిసినవాటిని కూడుకుంటే తెలియనిది బయటపడుతుంది. ఇంత తేటగా ఆలోచించిన మనిషి అంటే నాకు గౌరవం కలుగుతుంది, నూటపాతికేళ్ళు దాటినా.

ఏప్రిల్ 14

నిన్న రాసింది ఈ పొద్దు మళ్ళీ చదివితే, ఆ గొట్టం ఎవరికి కట్టారన్నది మనసును వదలలేదు.

స్టార్లింగ్ పేరు లండన్‌లో ఇంకో కథతోనూ ముడిపడి ఉంది. 1903 ఫిబ్రవరిలో యూనివర్సిటీ కాలేజీలో ఆయనా, విలియం బేలిస్సూ ఒక గోధుమరంగు టెరియర్ మీద ప్రయోగం చేశారు. చూడడానికి వచ్చిన ఇద్దరు స్వీడన్ మహిళలు, ఆ కుక్కకు మత్తు సరిగా ఇవ్వలేదని రాశారు. ఆ మాటను బహిరంగంగా అన్నందుకు బేలిస్ పరువునష్టం దావా వేసి గెలిచాడు. 1906లో ఆ కుక్కకు బ్యాటర్‌సీలో విగ్రహం పెట్టారు. వైద్య విద్యార్థులు దాన్ని పగలగొట్టబోయారు, వీధుల్లో కొట్లాటలు జరిగాయి. 1910లో రాత్రికి రాత్రి విగ్రహాన్ని తీసేశారు. 1985లో కొత్తది పెట్టారు.

కోర్టు ఎవరి పక్షాన తీర్పు చెప్పిందో తెలుసుకున్నాక కూడా నా మనసు తేలిక పడలేదు. నేను మందు చీటీ రాసేటప్పుడు వాడే ప్రతి లెక్క వెనకా బల్లకు కట్టిన కుక్కలున్నాయి. అవి ఒప్పుకోలేదు, ఒప్పుకోమని అడిగినవాళ్ళూ లేరు. ఆ తెలివి అక్కర్లేదని అనలేను, ఈ ఎర్ర కుక్కకు వైద్యం ఆ తెలివితోనే చేస్తున్నా. అట్లాగని అది సబబే అని ఒక్క మాటతో తేల్చేయనూ లేను. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద వేసిన కేంద్ర కమిటీ అనుమతి లేకుండా ఇప్పుడు కుక్క మీద ప్రయోగం చేయడానికి లేదు. ఉండాల్సిన కట్టడి అది.

ఏప్రిల్ 21, ప్రొద్దుటూరు

నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి మీదుగా బస్సు. కిటికీ గాలి పొయ్యి ముందర కూర్చున్నట్టే ఉంది. అత్తగారింట్లో భోజనం కానిచ్చి, సాయంత్రం మా పాత మాష్టారు దగ్గరికి పోయాను. రిటైరై చాలా ఏళ్ళయింది. ఊర్లో వెటర్నరీ కాలేజీ పిల్లలు అప్పుడప్పుడూ సందేహాలతో వస్తుంటారట, అదే ఆయనకు సంతోషం.

కిడ్నీ పీడనం మాట ఎత్తగానే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తిరుపతిలో తాను చదివినప్పుడు కైమోగ్రాఫ్ ఎట్లా తిప్పేవాళ్ళో చెప్పినాడు. డ్రమ్ముకు మెరుపు కాగితం చుట్టి, కిరసనాయిలు దీపం పొగ పట్టించి, నల్లగా అయ్యాక దాని మీద సన్నటి మొన ఆనిస్తే నెత్తుటి ఒత్తిడి తెల్లటి అలలై గీసుకుపోయేది. చెరిగిపోకుండా లక్క ద్రావణంలో ముంచి ఆరబెట్టేవాళ్ళు. ఆ యంత్రాన్ని కనిపెట్టింది కూడా లుడ్విగ్గే, 1847లో. మాష్టారు చేతి కదలికలో ఆ అలలు ఇంకా ఉన్నాయి.

"అయ్యా, కప్పలోనైతే నేరుగానే చూసినారు కదా" అన్నాను.

"చూసినారు. కప్ప కిడ్నీ పల్చన, వెలుతురు పెడితే గ్లోమెరులస్ కనపడతాది. కుక్కలో యాడుంది? పొర కింద లోతున దాక్కొని ఉంటే సూది ఎట్లా గుచ్చుతావు?"

అసలు చిక్కు అదే. ఫిలడెల్ఫియాలో వేర్న్, రిచర్డ్స్ 1924లో కప్ప గ్లోమెరులస్ నుంచి గాజు సూదితో ద్రవం తీసి అందులో ప్రోటీన్ లేదని చూపించారు, లుడ్విగ్ మాట నిలబడింది. 1927లో హేమన్ అదే దారిలో కప్పలో పీడనం కొలిచాడు. పాలిచ్చే జంతువుల్లో నేరుగా కొలవడానికి 1971 దాకా ఆగాల్సి వచ్చింది. మ్యూనిక్-విస్టార్ అనే ఎలుక జాతిలో కొన్ని గ్లోమెరులస్‌లు కిడ్నీ పైతట్టునే ఉంటాయి. బ్యారీ బ్రెన్నర్ బృందం వాటిలోకి అతి సన్నటి మొన ఉన్న గాజు గొట్టం గుచ్చింది. అక్కడి పీడనం 45 దగ్గర ఉంది.

కుక్కకు ఆ భాగ్యం లేదు. అందుకని స్టార్లింగ్ ఉపాయాన్నే ఒక్క నెఫ్రాన్ పరిమాణానికి కుదించారు. కిడ్నీ పైన కనిపించే నాళికల మెలికల్లో ఒకదాన్ని ఎంచుకొని, అందులో నూనె చుక్కో మైనమో దించి అడ్డం కొడతారు. అడ్డానికి పైన గాజు మొన గుచ్చి పీడనం చూస్తారు. దారి మూసుకుపోయింది కనుక గ్లోమెరులస్ నుంచి దిగేది దిగి దిగి ఒక దగ్గర ఆగుతుంది. అప్పుడు ఆ నెఫ్రాన్‌లో వడపోత సున్న. వడపోతే లేనప్పుడు నెత్తురు చిక్కబడదు, కాబట్టి అక్కడి ప్రోటీన్ల లాగుడు మామూలు ధమని నెత్తుటిలో ఎంతో అంతే. నాళికలో ఆగిన పీడనం 40 అనుకుందాం, ప్రోటీన్ల లాగుడు 18 అనుకుందాం, గ్లోమెరులస్‌లో 58. మిసిసిపీలో గైటన్ ఉన్న విభాగంలోనే గేబ్రియల్ నవార్, మేయో క్లినిక్‌లో ఫ్రాంక్లిన్ నాక్స్ బృందం 1970లలో కుక్కల మీద ఇట్లాంటి లెక్కలు కట్టినవాళ్ళు.

మాష్టారు ఇక్కడ ఒక అడ్డుపుల్ల వేసినాడు, అది నాకు బాగా నచ్చింది.

"నాళిక మూసేస్తే, కింద ద్రవం ఎంత వస్తుందో కనిపెట్టే మాక్యులా డెన్సాకు అది అందదు కదబ్బా. అది ఏమనుకుంటాది? వడపోత తక్కువైంది, పై ధమనికను వదులు చెయ్యమంటాది. అప్పుడు నువ్వు చూసే పీడనం మామూలు కన్నా ఎక్కువే కదా?"

నిజమే. కొలవడానికి పోయిన చెయ్యే కొలవాల్సినదాన్ని కదిలిస్తుంది. అందుకే ఈ అంకెలను అంచనా అనే పిలవాలి. అంత మాత్రాన అవి వట్టివి కావు. అదే పద్ధతితో జబ్బు కిడ్నీనీ మంచి కిడ్నీనీ పోల్చితే, తప్పు రెండు పక్కలా ఒకే తీరుగా పడుతుంది కాబట్టి తేడా నమ్మదగిందే. నాకు కావలసింది తేడానే.

ఏప్రిల్ 22, బస్సులో

జార్జియా విశ్వవిద్యాలయంలో స్కాట్ బ్రౌన్, ఫింకో, వాళ్ళతో పాటు నవార్ 1990లో అచ్చువేసిన పని ఇప్పటికీ మాకు దారి చూపేది. కుక్కల కిడ్నీ భాగాన్ని చాలావరకు తీసేసి, మిగిలిన నెఫ్రాన్లు ఏం చేస్తాయో చూశారు. మిగిలినవి ఉబ్బాయి, ఒక్కోటీ మామూలుకు మించి వడగట్టింది, గ్లోమెరులస్‌లో పీడనం పెరిగింది. ఎలుకల్లో 1981లోనే హోస్టెటర్, బ్రెన్నర్ చూపించిందే కుక్కలోనూ ఉందన్నమాట. పోయినవాటి పని ఉన్నవి మోస్తాయి, ఆ మోతతోనే అవీ చితికిపోతాయి. మొదటి జబ్బు ఎప్పుడో మానిపోయినా కిడ్నీ ఎందుకు దిగజారుతూనే పోతుందో ఇక్కడ తెలుస్తుంది.

మా ఎర్ర కుక్కలో పిడుదుల జ్వరం మొదటి దెబ్బ కొట్టింది. రెండో దెబ్బ ఇప్పుడు లోపలి పీడనానిది.

ఏప్రిల్ 28, కర్నూలు

క్లినిక్‌లో చేరిన కొత్త డాక్టరమ్మ అడిగింది: "సార్, బీపీ 168 ఉంది కదా, ఆమ్లోడిపిన్ ఇచ్చి గబుక్కున దించేయొచ్చు కదా?"

ఇదే మాట నాతో పనిచేసే ప్రతి ఒక్కరితోనూ మాట్లాడాలని ఉంటుంది నాకు. కూర్చోబెట్టి కాగితం మీద గీసి చెప్పాను.

మంచి కిడ్నీకి తనను తాను కాపాడుకునే నేర్పు ఉంది. 1951లో షిప్లీ, స్టడీ కుక్కల్లో చూపించారు: ధమని పీడనం సుమారు 80 నుంచి 180 దాకా ఎటు మారినా కిడ్నీకి పోయే నెత్తురూ, వడపోతా దాదాపు కదలవు. పైన పీడనం పెరిగితే అభివాహి బిగుసుకుంటుంది. జబ్బుపడిన కిడ్నీలో ఈ నేర్పు సడలిపోతుంది. అందుకని ముందుకాలిలోని 168 లోపలికి తగలడం మొదలవుతుంది. మంచి కిడ్నీ అయితే అంత భయపడక్కర్లేని అంకె ఇది.

ఆమ్లోడిపిన్ ప్రధానంగా అభివాహినే వదులు చేస్తుంది. పట్టీ కింద బీపీ దిగుతుంది, చూసినవాళ్ళకు సంతోషం. పైన దారి వెడల్పయింది కాబట్టి గ్లోమెరులస్‌లో మాత్రం ఒత్తిడి తగ్గకపోవచ్చు, కొన్నిసార్లు పెరగనూ వచ్చు. అందుకే కుక్కకు దాన్ని ఒంటరిగా ఇవ్వడం నాకిష్టం లేదు. ఎనలాప్రిల్, బెనాజెప్రిల్ లాంటివి అట్లా కాదు. అపవాహిని బిగించేది యాంజియోటెన్సిన్, దాని తయారీని ఇవి అడ్డుకుంటాయి. దిగువ దారి వదులవుతుంది, గ్లోమెరులస్‌లో ఒత్తిడి దిగుతుంది. కాలి బీపీ పెద్దగా తగ్గకపోయినా మూత్రంలో ప్రోటీన్ తగ్గడానికి కారణం అదే. డయాబెటిస్ ఉన్న కుక్కల్లో 1993లో బ్రౌన్ బృందం ఇట్లాంటి మందుల తేడాలనే పోల్చి చూసింది.

ఈ జాతి మందులకు దారి తెరిచింది బ్రెజిల్‌లోని ఒక పింజరి జాతి పాము విషం. మన చేలల్లో రక్తపింజరి కాటుకు కిడ్నీలు పోయిన మనుషులనూ, పశువులనూ చూసినవాళ్ళకు ఈ సంగతి చెబితే కాసేపు మాట రాదు.

"మరి లోపల తగ్గిందని మనకెట్లా తెలుస్తుంది సార్? సూది గుచ్చలేం కదా?"

మంచి ప్రశ్న. రెండు సాక్ష్యాలున్నాయన్నాను. మూత్రంలో ప్రోటీన్ తగ్గాలి. క్రియాటినిన్ కొద్దిగా పెరగాలి. రెండోది విని ఆ పిల్ల నమ్మలేదు. పీడనం దిగితే వడపోతా కొంచెం దిగుతుంది, నెత్తుటిలో క్రియాటినిన్ కాస్త మిగిలిపోతుంది. కుక్క బాగా తింటూ, తిరుగుతూ ఉంటే ముప్పై శాతం లోపు పెరుగుదల చూసి మందు ఆపకూడదు. అది మందు పనిచేస్తున్న గుర్తు. ఒకటి తగ్గి, ఇంకోటి ఆ హద్దులోపు పెరిగితే లోపల పీడనం దిగినట్టే. స్టార్లింగ్ బయటి బలాలను కూడి లోపలిదాన్ని పట్టుకున్నాడు. నెత్తురు సీసా, మూత్రం సీసా పెట్టుకొని మనం చేసేదీ ఆ జాతి పనే.

డాక్సీసైక్లిన్ ఏప్రిల్ 6 నుంచే నడుస్తోంది, నాలుగు వారాలు పూర్తిగా వాడాలని గొర్లాయన చేత మాట తీసుకున్నాను. ఈ పొద్దు ఎనలాప్రిల్ మొదలుపెట్టాను, కిలోకు అర మిల్లీగ్రాము లెక్కన దినానికి ఒకసారి. మాత్ర ఇచ్చే ముందు తొట్టి నిండా నీళ్ళు ఉన్నాయో లేదో చూడాలని రెండుసార్లు చెప్పాను.

మే 5

భయపడిందే అయింది. ఎండలు మండుతున్నాయి. మందను వేరే బీడుకు తోలినప్పుడు రెండు దినాలు నీళ్ళు సరిగా దొరకలేదట. కుక్క వాంతి చేసుకుందని పొద్దున్నే తెచ్చినాడు. చిగుళ్ళు పిడచగట్టి ఉన్నాయి, మెడ మీద తోలు పట్టి వదిలితే నిదానంగా దిగింది. క్రియాటినిన్ 3.2. బీపీ 104.

పైగా, కుంటుతోందని ఎవరో మెలాక్సికామ్ సూది వేసినారు. దాంతో ముప్పేట ముడి పడింది. నీళ్ళు లేక ఒంట్లో నెత్తుటి పరిమాణమే తగ్గింది. అట్లాంటప్పుడు అభివాహిని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు, ఆ నొప్పి మందు వాటిని ఆపేసింది. దిగువ అపవాహిని బిగించి కాస్తో కూస్తో పీడనం నిలపడానికి యాంజియోటెన్సిన్ ఉండాలి, దాన్ని మా మాత్ర ఆపేసింది. పై దారి బిగిసి, కింది దారి వదులై, నడుమ పీడనం పడిపోయింది. 58 దగ్గర ఉండాల్సిన చోట 40 ఉందో, ఇంకా తక్కువుందో. ఎదురుబలాలు రెండూ కలిపి దాన్ని మించితే వడపోతే ఉండదు.

పుస్తకాలన్నీ పీడనం పెరగడం గురించే ఎక్కువ రాస్తాయి. అవి చల్లటి ఊర్లలో, పంపు తిప్పితే నీళ్ళు వచ్చే ఇళ్ళలోని కుక్కలను చూసి రాసినవి. మన మెట్టసీమ వైద్యుడికి పడిపోవడం కూడా అంతే ముఖ్యం. అదే మందు, అదే మోతాదు, సంక్రాంతికి కిడ్నీని కాపాడుతుంది, రోహిణి కార్తెలో చంపగలదు. ఈ సంగతి తెలుగులో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి ప్రతి యజమానికీ ఇవ్వాలి.

ఎనలాప్రిల్ ఆపేశాను. సిరలోకి రింగర్స్ లాక్టేట్ ఎక్కిస్తున్నాం. గొర్లాయన సెలైన్ సీసా కేసే చూస్తూ కూర్చున్నాడు. మంద దగ్గర కొడుకును వదిలి వచ్చినాడట. "దీనికేమన్నా అయితే మా మంద కండ్లు పోయినట్టే సా" అన్నాడు.

మే 8

మూత్రం బాగా వస్తోంది. క్రియాటినిన్ 1.9కి దిగింది. రాగి సంకటిలో మజ్జిగ కలిపి పెడితే తిన్నది. ఇంటికి పంపాను. మాత్ర ఇప్పుడే వద్దు.

మే 22

క్రియాటినిన్ 1.5, బీపీ 162. నిష్పత్తి మళ్ళీ 3 దగ్గరికే వచ్చింది. సగం మోతాదుతో ఎనలాప్రిల్ తిరిగి మొదలు. కాగితం అచ్చయి వచ్చింది. మొదటి ప్రతి గొర్లాయనకే ఇచ్చాను. చదువు రాదన్నాడు, కొడుకు చేత ఇక్కడే బిగ్గరగా చదివించాం: నీళ్ళు తాగని దినం మాత్ర వద్దు, వాంతులైన దినం మాత్ర వద్దు, నన్నడగనిదే నొప్పి సూది ఎవరి చేతా వద్దు.

జూన్ 16

రెండు వానలు పడ్డాయి. కుక్క ఆటో దిగగానే వాకిట్లో మేకను అదిలించింది. బీపీ 146. నిష్పత్తి 1.4, సగానికి పైగా తగ్గింది. క్రియాటినిన్ 1.8, అంటే ఇరవై శాతం పెరుగుదల. ఆల్బుమిన్ 2.6. డాక్టరమ్మ కాగితం చూసి తనే చెప్పింది, లోపల దిగింది సార్ అని. ఎంత దిగిందో చెప్పలేం. దిగిందన్నది మాత్రం ఖాయం.

ఆల్బుమిన్ పెరగడాన్ని విడిగా రాసి పెట్టుకోవాలి. నెత్తుటిలో ప్రోటీన్ తక్కువైనప్పుడు ఎదురు లాగుడు తగ్గి, ఉన్న పీడనమే వడపోతకు ఎక్కువగా పనిచేస్తుంది. ఇప్పుడు ప్రోటీన్ కోలుకుంటోంది కాబట్టి క్రియాటినిన్ పెరుగుదలలో కొంత వాటా దానిది కూడా కావచ్చు. రెండింటినీ విడదీయడానికి వచ్చేసారి ఏం పరీక్ష చేయాలో మాష్టారును అడగాలి.

మంద వచ్చే నెల మైదుకూరు దిక్కు పోతుందట, దసరా దాకా తిరిగి రాదు. కుక్కా వెంటే. దారిలో కనపడే పశువుల డాక్టరుకు చూపించేందుకు చీటీ రాసిచ్చాను: నెలకోసారి క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూడండి, క్రియాటినిన్ 2 దాటితే మాత్ర ఆపి నాకు ఫోన్ చేయండి, ఆమ్లోడిపిన్ ఒంటరిగా మొదలుపెట్టొద్దు. గొర్లాయన ఆ చీటీని ప్లాస్టిక్ కవరులో పెట్టి, మందల లెక్క రాసుకునే పుస్తకంలో దోపుకున్నాడు.